చుక్కలు, గీతలు, చేబదుళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   మా బ్యాచ్ వాళ్ళకు వేరే ఏమీ చెప్పను. వాళ్ళు అప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినరు.

కార్యదర్శి గారు ఫోన్ చేసి ఒక్కటే షరతు పెట్టారు. "యూనివర్సిటీలో నువ్వు చేసే పనేమిటో మా అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాలి" అన్నారు. నేను ఆర్థికశాస్త్రం చెప్తాను. అందులోనూ మనుషుల మధ్య ఉండే సంబంధాలను లెక్కల్లో పెట్టి చూడటం నా పని. డబ్బు కావాల్సి వస్తే ఎవరు ఎవరిని అడుగుతారు, ఒకచోట చెప్పిన మాట ఎంతదూరం పోతుంది, కష్టమొస్తే ఎవరి తలుపు తడతారు, ఇలాంటివి. దీన్ని నెట్‌వర్కుల అధ్యయనం అంటున్నారు. దీనికి తోడు గేమ్ థియరీ అని ఇంకో గణితం ఉంది. పేరులో ఆట ఉంది కానీ ఆడేదేమీ లేదు. నా పని ఫలితం మీరు చేసేదాని మీద, మీ పని ఫలితం నేను చేసేదాని మీద ఆధారపడి ఉంటే ఇద్దరం ఏం చేస్తాం అన్నదే అందులోని ప్రశ్న. పెళ్ళి సంబంధాలు మాట్లాడినవాళ్ళకు ఇది నేను కొత్తగా నేర్పక్కర్లేదు.

ముందు బొమ్మ. మనిషికొక చుక్క పెట్టండి. ఇద్దరి మధ్య సంబంధం ఉంటే వాళ్ళ చుక్కల మధ్య ఒక గీత గీయండి. మన వాకిళ్ళలో రోజూ జరిగే పనే ఇది. కాకపోతే మెలికల ముగ్గులో గీత చుక్కను తప్పించుకుని తిరుగుతుంది, మా బొమ్మలో తాకాలి. ఈ రకం లెక్కకు ఆద్యుడు ఆయిలర్. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో నది మీద ఏడు వంతెనలు ఉండేవి. ప్రతి వంతెనా ఒక్కసారి మాత్రమే దాటుతూ అన్నీ తిరిగి రావడం కుదురుతుందా అని ఆ ఊరివాళ్ళ సరదా ప్రశ్న. 1736లో ఆయన కుదరదని నిరూపించాడు. చెయ్యెత్తకుండా బొమ్మ గీసే ఆట చిన్నప్పుడు వెనక బెంచీలో మనం ఆడినదే. ఒక చుక్కలోకి వచ్చిన గీత మళ్ళీ బయటికి పోవాలి కాబట్టి ప్రతి చుక్కకీ గీతలు జతలు జతలుగా ఉండాలి. మొదలుపెట్టిన చోటు, ఆపిన చోటు తప్ప మరెక్కడా బేసి సంఖ్య ఉండకూడదు. ఆ ఊళ్ళో నాలుగు భూభాగాలు ఉంటే నాలుగింటికీ బేసి సంఖ్యే. కథ అక్కడితో సరి.

ఆయిలర్‌కు వంతెనలు కట్టే ఉన్నాయి. మనుషుల మధ్య గీతలు అలా కాదు. వాటిని ఎవరో ఒకరు గీయాలి, రోజూ కాస్త చెరిగిపోతుంటే మళ్ళీ దిద్దాలి. ఎందుకు దిద్దుతారు? మా శాస్త్రంలో అసలు ప్రశ్న ఇదే.

దీనికి ఒక జవాబు మన నేల మీదే దొరికింది. పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి కొన్ని మెట్ట గ్రామాల్లో ఇంటింటి లెక్కలు రాయించింది. ఎంత పండింది, ఎంతకు అమ్మారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, అన్నీ. వాటిలో ఒక ఊరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోది, పరిశోధన వ్యాసాల్లో ఔరేపల్లి అని రాస్తారు. మిగతా రెండు మహారాష్ట్రలోవి. రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త ఈ మూడు ఊళ్ళ లెక్కల మీద 1994లో ఒక వ్యాసం రాశాడు. మా విద్యార్థులు ఇప్పటికీ అది చదవకుండా పరీక్ష దాటలేరు. ఒక ఇంటి రాబడి బాగా దెబ్బతిన్న ఏడాది కూడా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా దెబ్బతినలేదని ఆయన చూపాడు. అది ఊరి మొత్తం సగటుతో పాటు పైకీ కిందికీ కదిలింది. అంటే ఎద్దు చచ్చిపోయిన ఇంటికీ, బావి ఎండిపోయిన ఇంటికీ, జబ్బుపడిన ఇంటికీ మిగతా ఊరు ఏదో విధంగా కాస్త సర్దుతోందన్నమాట. బీమా కంపెనీ లేదు, కాగితం లేదు, సంతకం లేదు. అయితే అందరికీ ఒకేలా సర్దలేదు. మూడింటిలో ఒక ఊళ్ళో భూమి లేనివాళ్ళకు ఈ రక్షణ తక్కువగా ఉన్నట్టు కూడా ఆయనకు కనిపించింది.

ఇవే ఊళ్ళ లెక్కలతో 1989లో రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఇద్దరు ఇంకో విషయం పట్టుకున్నారు. ఆడపిల్లల్ని దూరపు ఊళ్ళకు ఇచ్చిన కుటుంబాలు కరువు ఏడాదిని కాస్త మెరుగ్గా దాటాయి. ఒకే మబ్బు రెండు ఊళ్ళకూ మొహం చాటెయ్యదు కదా, వియ్యాలవారి ఊళ్ళో పండితే ఇక్కడికి సాయం వస్తుంది. వాళ్ళు దీన్ని బీమా అన్నారు. ఈ బీమాకి ప్రీమియం కట్టింది మాత్రం ఎవరూ తెలియని ఊరికి కాపరానికి వెళ్ళిన పదహారేళ్ళ పిల్ల. ఆ సంగతి వ్యాసంలోని సమీకరణాల్లో కనబడదు. నా క్లాసులో అమ్మాయిలు మాత్రం ప్రతి ఏడూ అడుగుతారు.

సరే, కాగితం లేని ఈ ఒప్పందం ఎలా నిలబడుతుంది? తీసుకున్నవాళ్ళు రేపు మొహం చాటేస్తే? ఇక్కడ గేమ్ థియరీ అవసరం పడుతుంది. చిన్న లెక్క చెప్తాను.

మా అమ్మకు పక్కింటి పిన్నిగారితో స్నేహం ఉందనుకోండి. ఆ స్నేహం వల్ల మున్ముందు ఆమెకు కలిగే మేలు అంతా కలిపి 300 రూపాయలనుకుందాం. గ్లాసుడు బియ్యం, గిద్దెడు నూనె, పిల్లాడిని కాసేపు చూడటం, అన్నీ కలిపే. ఇవాళ పిన్నిగారికి ఒక అవసరం వచ్చింది, దాన్ని తీర్చాలంటే అమ్మకు 500 ఖర్చు. లెక్క ప్రకారం చూస్తే 300 విలువైన స్నేహం కోసం 500 ఎవరూ వదులుకోరు. తలుపు వేసేసుకుంటారు. ఇప్పుడు ఎదురింటి అక్కయ్యగారిని కూడా కలపండి. ముగ్గురికీ ముగ్గురితో స్నేహం. పిన్నిగారిని అమ్మ ఆదుకోకపోతే పిన్నిగారితో పాటు అక్కయ్యగారూ మాట్లాడటం మానేస్తుంది. ఇప్పుడు పోయేది 600. 500 ఖర్చు పెట్టడమే మేలు. అమ్మ సాయం చేస్తుంది, ఎవరి మంచితనాన్నీ లెక్కలోకి తేకుండానే. మంచితనం లేదని కాదు నా మాట. అది లేని రోజు కూడా సాయం ఆగకుండా ఉండటానికి ఆ మూడో మనిషి కావాలి.

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మాథ్యూ జాక్సన్ మరో ఇద్దరితో కలిసి 2012లో ఇదే సంగతిని సిద్ధాంతంగా రాశాడు. సాయాలు నిలబడే అల్లిక ఎలా ఉంటుందంటే చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి కుట్టినట్టు ఉంటుందట. ఒక ముక్క చిరిగినా చిరుగు అక్కడే ఆగుతుంది. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగు చెయ్యడానికి నేనేమీ కష్టపడలేదు. బొంత. పాత చీరలతో అమ్మమ్మలు కుట్టిన బొంతే.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి నిజమైన ఊళ్ళ బొమ్మలు కావాలి. అవి కర్ణాటక నుంచి వచ్చాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, అరుణ్ చంద్రశేఖర్, ఇందాక చెప్పిన జాక్సన్, ఈ నలుగురూ 75 గ్రామాల్లో 2006లో ఇంటింటికీ మనుషుల్ని పంపి అడిగించారు. బెనర్జీ, డుఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది కాబట్టి పేర్లు మీరు వినే ఉంటారు. వాళ్ళు అడిగించిన ప్రశ్నలు చూస్తే మన ఊళ్ళో కూర్చుని రాసినట్టే ఉంటాయి. మీరు ఎవరింటికి వెళ్తారు? మీ ఇంటికి ఎవరు వస్తారు? కిరసనాయిలో, బియ్యమో తక్కువైతే ఎవర్ని అడుగుతారు? చేబదులు ఎవరిస్తారు? ఒంట్లో బాగుండకపోతే ఎవరి సలహా తీసుకుంటారు? గుడికి ఎవరితో వెళ్తారు?

ఒక ఊరికి సంబంధించిన జవాబులన్నీ చుక్కలు, గీతలుగా గీస్తే వచ్చిన బొమ్మను నేను మొదటి రోజు క్లాసులో చూపిస్తాను. ఒక్క ఊరు కదా, బొమ్మలో రెండు ముద్దలుంటాయి. ముద్ద లోపల గీతలు కిక్కిరిసి ఉంటాయి, ముద్దకూ ముద్దకూ మధ్య వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. చుక్కలకు రంగులు వేస్తే ఒక రంగు దళిత, గిరిజన కుటుంబాలది, ఇంకో రంగు మిగతా కులాలది. కంప్యూటరుకు కులం సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరు ఎవర్ని బియ్యం అడుగుతారో మాత్రమే చెప్పారు. ఈ సంగతి తెలుసుకోవడానికి గణితం అక్కర్లేదని మీరనవచ్చు, నిజమే. కానీ రోజూ చూసేదాన్ని ఇలా పైనుంచి చూసినప్పుడు క్లాసు మొత్తం ఒక్క నిమిషం మాట్లాడదు.

ఆ ఊళ్ళలో 43 చోట్ల తర్వాత ఒక సూక్ష్మరుణ సంస్థ అడుగుపెట్టింది. ఆడవాళ్ళు ఐదుగురు ఒక జట్టు, మనిషికి సుమారు పదివేలు అప్పు, 50 వారాల్లో తీర్చాలి. సంస్థ వాళ్ళు ఊళ్ళోకి రాగానే టీచరుకో, కొట్టు యజమానికో, పొదుపు సంఘం నాయకురాలికో చెప్పి, "మీరు నలుగురికీ చెప్పండి" అనేవారు. అన్ని ఊళ్ళలోనూ పద్ధతి ఒకటే. ఫలితం మాత్రం చాలా తేడా. ఒక ఊళ్ళో అర్హులైన ఇళ్ళలో నూటికి 7 చేరితే ఇంకో ఊళ్ళో 44. ఎందుకింత తేడా?

మొదట చెప్పినవాళ్ళకు స్నేహితులు ఎక్కువమంది ఉన్న ఊళ్ళలో ఎక్కువమంది చేరి ఉంటారని మనకు తోస్తుంది. లెక్క చూస్తే అలా తేలలేదు. స్నేహితుల సంఖ్య కంటే, ఆ స్నేహితులకు ఎంతమంది, ఆ స్నేహితుల స్నేహితులకు ఎంతమంది అన్నది ముఖ్యం. దీన్ని కొలిచే పద్ధతి ఇంటర్ కుర్రాడు కూడా చెయ్యగలడు. ముందు అందరికీ తలా ఒక మార్కు ఇవ్వండి. తర్వాత ప్రతి ఒక్కరికీ వాళ్ళ స్నేహితుల మార్కులన్నీ కలిపి కొత్త మార్కుగా వెయ్యండి. మళ్ళీ అలాగే, మళ్ళీ అలాగే. మార్కులు పెరుగుతూ పోతాయి, కానీ కొన్ని సార్లయ్యాక ఎవరి వాటా ఎంతన్నది సాధారణంగా నిలబడిపోతుంది. పదిమందిని తెలిసినవాడి కంటే, ఊరందరినీ తెలిసిన ఇద్దరిని తెలిసినవాడికి ఒక్కోసారి ఎక్కువ మార్కులు వస్తాయి. గూగుల్ వెబ్ పేజీలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఈ జాతి లెక్కతోనే. ఎక్కడైతే మొదట విన్నవాళ్ళకు ఈ మార్కు ఎక్కువగా ఉందో అక్కడే ఎక్కువమంది చేరారు.

ఇందులోనే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అప్పు తీసుకున్నవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పే అవకాశం తీసుకోనివాళ్ళకంటే ఏడు రెట్లు ఎక్కువ. అయినా కబురు మొత్తంలో దాదాపు మూడో వంతు తీసుకోనివాళ్ళ నోటి నుంచే చేరింది. వాళ్ళు సంఖ్యలో ఎక్కువ కదా. తమకు అక్కర్లేని కబురును మోసుకుపోయి అవసరమున్న ఇంట్లో దింపేవాళ్ళు అన్నమాట. ఇలాంటివాళ్ళకు మన భాషలో మంచి పేరు లేదు, ఊసుపోక కబుర్లు చెప్తారంటాం.

అయితే ప్రతి ఊరికీ వెళ్ళి ఇంటింటా ఇన్ని ప్రశ్నలు అడగాలంటే లక్షలు కావాలి. అందుకని అదే బృందం ఇంకో దారి పట్టింది. ఊళ్ళోవాళ్ళనే అడిగారు: "ఒక కబురు ఊరంతా పాకాలంటే ఎవరికి చెప్పాలి?" ఆశ్చర్యమేమిటంటే, తన స్నేహితుల స్నేహితులెవరో కూడా సరిగ్గా చెప్పలేని మనిషి ఈ ప్రశ్నకు మాత్రం సరైన జవాబు చెప్తాడు. వాళ్ళు చెప్పిన పేర్లు లెక్కలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళవే. ఎందుకంటే రోజూ చెవిన పడే కబుర్లలో ఫలానా ఆమె చెప్పింది, ఫలానా ఆయన అన్నాడు అన్న పేర్లు మన మనసు మనకు తెలియకుండానే లెక్కపెట్టుకుంటుంది. తర్వాత కర్ణాటకలోనే 213 గ్రామాల్లో పరీక్షించారు. ఒక ఉచిత లక్కీ డ్రా కబురును కొన్ని ఊళ్ళలో పెద్దమనుషులకు, కొన్నిట్లో ఎవరికి పడితే వాళ్ళకు, కొన్నిట్లో ఊరు చెప్పిన ఈ కబుర్ల మనుషులకు చెప్పారు. చివరి రకం ఊళ్ళ నుంచే ఎక్కువ ఫోన్లు వచ్చాయి. హర్యానాలో పిల్లల టీకాల విషయంలోనూ ఇలాంటివాళ్ళ ద్వారా గుర్తుచేయిస్తే టీకాలు పెరిగాయి.

దీనికి దగ్గరి చుట్టం ఇంకో సంగతి, క్లుప్తంగా. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సామాజికశాస్త్రవేత్త చూపించాడు: సగటున మన స్నేహితులకు మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారు. బాధపడకండి, ఇది అందరికీ వర్తించే లెక్క. రద్దీ బస్సులో ఎక్కువమంది ఉంటారు కాబట్టి బస్సు రద్దీగా ఉందని చెప్పేవాళ్ళే ఎక్కువ కనబడతారు, అలాగే ఎక్కువ స్నేహితులున్నవాడు ఎక్కువమంది లెక్కలోకి వస్తాడు. 2009లో ఫ్లూ వచ్చినప్పుడు హార్వర్డ్‌లో కొందరు విద్యార్థులను చీటీలు తీసినట్టు ఎంచుకుని, వాళ్ళు చెప్పిన స్నేహితులను ఇంకో జట్టుగా గమనించారు. స్నేహితుల జట్టులో జబ్బు దాదాపు రెండు వారాలు ముందే కనబడింది.

ఇప్పటిదాకా చెప్పింది కబురు ఎలా పాకుతుందన్న సంగతి. కబురు పాకి, అప్పు ఊళ్ళోకి వచ్చాక ఏమైందన్నది నాకు ఇంతకంటే ముఖ్యం.

సూక్ష్మరుణం అనగానే మన వాళ్ళకు 2010 గుర్తొస్తుంది. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు, ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాయిదాలు దాదాపు ఆగిపోవడం. అందరూ కడతారనుకుంటే కట్టడం మేలు, రేపు మళ్ళీ అప్పు దొరుకుతుంది. ఎవరూ కట్టరనుకుంటే సంస్థే ఉండదు, కట్టి లాభమేమిటి? ఒకే ఆటకు రెండు ముగింపులు, ఏది జరుగుతుందన్నది పక్కవాళ్ళ గురించి మనమేం అనుకుంటున్నామన్నదాని మీదే. అది పెద్ద కథ, దాన్ని ఇక్కడ వదిలేస్తాను. నేను చెప్పదలచింది ఏ గొడవా జరగని, అందరూ సక్రమంగా వాయిదాలు కట్టిన ఊళ్ళ సంగతి.

ఆ కర్ణాటక ఊళ్ళకే కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి అవే ప్రశ్నలు అడిగారు. అప్పు వచ్చిన 43 ఊళ్ళలోనూ, రాని 32 ఊళ్ళలోనూ పాత బొమ్మల పక్కన కొత్త బొమ్మలు పెట్టి చూశారు. అప్పు వచ్చిన ఊళ్ళలో గీతలు ఎక్కువగా తగ్గిపోయాయి. ఇంతవరకూ ఊహించగలిగిందే. సంస్థ దగ్గర డబ్బు దొరికినామె పక్కింటి తలుపు తట్టడం తగ్గిస్తుంది. ఊహకందనిది దీని తర్వాత ఉంది. ఏ రకంగా చూసినా ఆ అప్పు తీసుకునే అవకాశం లేని ఇళ్ళు ఉంటాయి కదా, అలాంటి రెండు ఇళ్ళ మధ్య ఉన్న గీతలు కూడా అంతే జోరుగా, లేదా ఇంకా ఎక్కువగా చెరిగిపోయాయి. ఇద్దరిలో ఎవరికీ కొత్త డబ్బు రాలేదు. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ముందెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. అయినా చేబదులు ఆగిపోయింది.

ఇది కర్ణాటక ఊళ్ళ విశేషమేమో అని అనుమానం రావచ్చు. హైదరాబాద్ బస్తీల్లో జరిగిన ఇంకో అధ్యయనం దాన్ని తీర్చింది. అక్కడ ఒక సంస్థ ఏ బస్తీల్లో ముందు తెరవాలన్నది లాటరీ వేసి తేల్చారు కాబట్టి పోలిక మరింత గట్టిది. మిగతా బస్తీలకూ తర్వాత అప్పు వచ్చింది. అయినా ఏళ్ళ తర్వాత చూస్తే ముందు వచ్చిన బస్తీల్లో ఇళ్ళ మధ్య సంబంధాలు తక్కువగా ఉన్నాయి. అప్పు తీసుకునే అవకాశం లేనివాళ్ళ మధ్య కూడా. చేబదుళ్ళు అందరికంటే ఎక్కువగా కోల్పోయింది వాళ్ళే. రాబడి పడిపోయినప్పుడు తిండి ఖర్చు కాపాడుకునే శక్తి ఎక్కువగా తగ్గిందీ వాళ్ళకే.

నా బొంత లెక్క దీన్ని చెప్పగలదా? కొంతవరకు చెప్తుంది. ముగ్గురిలో అక్కయ్యగారు అప్పు తెచ్చుకుని రావడం మానేస్తే, అమ్మా పిన్నిగారూ మిగులుతారు, మళ్ళీ 300, 500 లెక్క దగ్గరికి వస్తాం. కానీ ముగ్గురూ అప్పు తీసుకోని చోట కూడా గీతలు పోయాయి. కాబట్టి బొంత ఒక్కటే చాలదు. పరిశోధకులు కొత్త నమూనా కట్టాల్సి వచ్చింది. అందులో ముఖ్యమైన మాట చాలా మామూలుది. మనుషులు ముందుగా అనుకుని కలవరు, బయటికి వస్తే కలుస్తారు. కుళాయి దగ్గర, రచ్చబండ దగ్గర, కొట్టు ముందు. బయటికి రావడానికి కాస్త ఓపిక కావాలి, వస్తే ఎవరో ఒకరు కనబడతారన్న నమ్మకం ఉండాలి. ఊళ్ళో కొందరికి అవసరం తీరిపోయి రావడం తగ్గిస్తే, అరుగు మీద మనుషులు పలచబడతారు. పలచబడ్డ అరుగుకి మిగతావాళ్ళు మాత్రం ఎందుకు వస్తారు? వాళ్ళూ తగ్గిస్తారు. అప్పు తెచ్చుకున్నామె ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, తన పని తాను చూసుకుంది. ఆమె రాకపోవడం వల్ల ఎప్పుడూ ఆమెతో మాట్లాడని ఇద్దరు కూడా ఒకరికొకరు దూరమయ్యారు. మార్కెట్లో టమాటా ధర పెరిగితే తెలుస్తుంది. ఈ నష్టానికి ధర ఎక్కడా రాసి ఉండదు.

అందుకని సంస్థాగత రుణం వద్దని నేననను. ఔరేపల్లి ఏర్పాటు గొప్పదని పాత రోజులకు పొమ్మనడం భూమి లేనివాళ్ళకు చెప్పాల్సిన మాట కాదు. వడ్డీ వ్యాపారి ఇంటి గడప ఎక్కిన ఎవరూ ఆ మాట అనరు. వచ్చిన లాభం లెక్కేసేటప్పుడు చెరిగిన గీతల్ని కూడా లెక్కెయ్యండి అని మాత్రం ప్రతి సమావేశంలోనూ అంటుంటాను.

ఇక మన సంఘం. ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఉన్నాయి. ఏటా సంక్రాంతికి జరిగే కలయికను మూడేళ్ళకోసారి చేసి, సహాయ నిధి పనంతా ఆన్‌లైన్‌లో పెట్టాలని ఒకటి. బ్యాచ్ ప్రతినిధులకు ఫోను, దారి ఖర్చులు ఇవ్వాలని ఇంకొకటి. రెండింటి మీదా మాటలు వాడిగా నడుస్తున్నాయని విన్నాను. రెండోదాని గురించి ఒక లెక్క చెప్పి కూర్చుంటాను. ఇది జాక్సన్, వోలిన్‌స్కీ 1996లో రాసిన వ్యాసంలోని నమూనా, అంకెలు నావి.

పదిమంది ఉన్నారు. ఒకరితో నేరుగా సంబంధం ఉంటే 50 రూపాయల మేలు. స్నేహితుడి స్నేహితుడి వల్ల 25. గీత నిలబెట్టుకోవడానికి ఇద్దరిలో ఒక్కొక్కరికీ 60 ఖర్చు: ఫోన్లు, ప్రయాణాలు, పెళ్ళిళ్ళకు హాజరవ్వడం. ఇద్దరే అయితే 50కి 60 పెట్టాలి, ఎవరూ మొదలుపెట్టరు. ఇప్పుడు ఒకరు మధ్యలో నిలబడి మిగతా తొమ్మిదిమందితోనూ సంబంధం పెట్టుకున్నారనుకోండి. అంచున ఉన్న ఒక్కొక్కరికీ మధ్య మనిషి వల్ల పది నష్టం, ఆ మనిషి ద్వారా కలిసిన ఎనిమిదిమంది వల్ల 200 లాభం. నికరంగా 190. మధ్యలో ఉన్నవారికి? తొమ్మిది గీతలు, గీతకి పది నష్టం, మొత్తం 90 నష్టం. అందరివీ కలిపితే 1620 లాభం, ఈ అంకెలతో ఇంతకంటే మేలైన అల్లిక లేదు. అయినా అది నిలబడదు. అందరినీ కలిపిన మనిషి ఒక్కరే చేతి నుంచి పెట్టుకుంటున్నారు, ఏదో ఒక రోజు ఆ మనిషి అలిసిపోతారు. అంచున ఉన్న తొమ్మిదిమంది తలా 20 ఇస్తే ఆ మనిషికీ 90 మిగులుతుంది, మనకీ 170 మిగులుతుంది.

మన ప్రతి బ్యాచ్‌లోనూ ఆ మధ్య మనిషి ఎవరో మీకు తెలుసు. ఎవరికి ఆపరేషన్ అయిందో, ఎవరి అబ్బాయికి ఫీజు కట్టాలో ఫోన్ చేసి చెప్పేది వాళ్ళే. యాభై ఏళ్ళుగా ఈ సంఘం వాళ్ళ పెట్రోలు మీద నడిచింది. కాబట్టి రెండో తీర్మానానికి నేను చెయ్యెత్తుతాను.

మొదటిదానికి ఎత్తను. డాలస్‌లోనూ సిడ్నీలోనూ ఉన్న మనవాళ్ళకు ఆన్‌లైన్ సౌకర్యం అవసరమే, డబ్బు పంపడానికి అది చక్కగా పనికొస్తుంది, పెట్టండి. సంక్రాంతి కలయికను మాత్రం తగ్గించవద్దు. డబ్బు పంపగలిగినవాళ్ళకు ఆ కలయిక పోతే పెద్ద నష్టం ఉండదు. ఊళ్ళోనే ఉండిపోయి, అడగడానికి మొహమాటపడే మనవాళ్ళు కొందరు ఉన్నారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టమంటే వాళ్ళు పెట్టరు. వేపచెట్టు కింద ప్లేటు పట్టుకుని నిలబడ్డప్పుడు పక్కవాడు "ఏరా, అలా చిక్కిపోయావేంటి?" అంటే చెప్తారు.

భోజనాల దగ్గర ఒక్కొక్కరికీ చిన్న కాగితం ఇస్తారు, కార్యదర్శి గారి అనుమతితోనే. దాని మీద ఒకటే ప్రశ్న: మీ బ్యాచ్‌లో ఎవరికి ఒక మాట చెప్తే అందరికీ తెలుస్తుంది? రెండు పేర్లు రాసి డబ్బాలో వెయ్యండి. ప్రతినిధులను ఎంచుకునేటప్పుడు ఆ పేర్లు పనికొస్తాయి. మీ పేరు మీరే రాసుకోకండి, మా బ్యాచ్ వాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.